అశోకమును గుర్తించుట: ఆకు, పూవు, బెరడు

అశోకము పేరు వినని తెలుగువారుండరు. సుందరకాండ కథలో సీతాదేవి ఉన్న వనము అశోకవనము. మన్మథుని అయిదు బాణములలో అశోకపుష్పము ఒకటి. కాని అశోకవృక్షమును చూపుమని ఒక విద్యార్థిని అడిగినచో, అతడు పాఠశాల ప్రహరీగోడ వెంట స్తంభములవలె నిటారుగా నిలిచి, కొమ్మలను క్రిందికి వ్రేలాడవేసిన చెట్లను చూపును. ఆ చెట్లను నాటిన తోటమాలియు వానిని అశోకములనియే చెప్పును. మొక్కలమ్ము నర్సరీలలోను ఆ పేరే చెల్లుచున్నది. అయినను అవి అశోకములు కావు. ఆ చెట్టు పేరు నరమామిడి. అది సీతాఫలమునకు బంధువు. అసలైన అశోకము చింతకు బంధువు. ఈ రెండింటికిని గల దూరము చింతకు, సీతాఫలమునకు గల దూరమంత.

రెండును మన దేశపు చెట్లే. రెండును ఏడాది పొడుగున పచ్చగా నుండునవే. రెండింటి ఆకులును పొడుగైనవే. అందువలన ఒకదానిని చూచి మరియొకటి అనుకొనుట సులభము. అయితే ఆకు, పూవు, బెరడు అను మూడింటిని వరుసగా పరిశీలించినచో, ఏ ఉన్నత పాఠశాల విద్యార్థియైనను వీనిని తప్పు లేకుండ గుర్తింపగలడు. ఆ పరిశీలన ఎట్లు చేయవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

పేరు తప్పినచో కలుగు నష్టము

చెట్టునకు ఏ పేరు పెట్టిన నేమి, నీడ నిచ్చిన చాలదా యని కొందరు అడుగవచ్చును. నీడ వరకు ఆ మాట నిజమే. కాని అశోకము ఔషధవృక్షము. దీని బెరడును ఆయుర్వేదము ప్రాచీనకాలమునుండి వాడుచున్నది. చరకసంహితలో బాధను శమింపజేయు ద్రవ్యముల వర్గమున అశోకము చేర్చబడినది. స్త్రీలకు కలుగు అధిక రక్తస్రావమునకు వైద్యులిచ్చు అశోకారిష్టమునకు ఈ బెరడే మూలద్రవ్యము. భారత ఆయుర్వేద ఔషధకోశము ఈ మందునకు ఏ చెట్టు బెరడు వాడవలెనో స్పష్టముగా నిర్దేశించినది. అది నరమామిడి కాదు.

బజారులో మాత్రము సంగతి వేరుగా ఉన్నది. అశోకపు బెరడు పేర నరమామిడి బెరడును, మరికొన్ని ఇతర వృక్షముల బెరడులను అమ్ముట చాలకాలముగా పరిశోధకులు గమనించుచున్న విషయము. దుకాణములనుండి సేకరించిన బెరడు ముక్కలను డి.ఎన్.ఏ. పద్ధతిచే పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆ నమూనాలలో అధికభాగము అసలు అశోకము కాదని తేలినది. ఇందులో మోసము కొంత, అజ్ఞానము కొంత. చెట్టును నిజముగా అశోకమనియే నమ్మి బెరడు ఒలిచి తెచ్చువాడు మోసగాడు కాడు. అతనికి ఎవరును సరియైన చెట్టును చూపలేదు. కాని ఆ బెరడుతో చేసిన మందు త్రాగిన రోగికి మాత్రము రెండింటి ఫలితము నొకటే.

ఇక రెండవ నష్టము చెట్టునకే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 1998లో అసలు అశోకమును అడవులలో అంతరించు ప్రమాదము గల జాతుల పట్టికలో, దుర్బల జాతిగా చేర్చినది. వీథి వీథిలోను అశోకము లున్నవని మనము భ్రమపడుచుండగా, అసలైన అశోకము అడవులలో తగ్గిపోవుచున్నది. ఉన్నదని అనుకొన్నదానిని కాపాడవలెనని ఎవరికిని తోచదు.

శాస్త్రీయనామము చరిత్ర

ఈ చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడ ఒక్కసారిగా స్థిరపడలేదు. విలియం రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుడు 1780లలో మన గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి, తెలుగుదేశపు మొక్కలను పరిశోధించెను. అతడు తరువాత కలకత్తా ఉద్యానమునకు అధిపతియై, 1795లో అశోకమును వర్ణించుచు దానికి జోనీసియా అసోకా అని పేరు పెట్టెను. సంస్కృత పండితుడైన సర్ విలియం జోన్స్ జ్ఞాపకార్థమై పెట్టిన పేరిది. కాని అంతకు పూర్వమే, 1767లో, లిన్నేయస్ జావా ద్వీపపు చెట్టు నొకదానిని సరాకా ఇండికా అని వర్ణించి యుండెను. ముందు పెట్టిన ప్రజాతినామమే చెల్లవలెనని శాస్త్రనియమము. అందుచే జోనీసియా పోయి సరాకా నిలిచినది.

చాలకాలము మన దేశపు అశోకమును, జావా చెట్టును ఒకే జాతిగా భావించి రెండింటికిని సరాకా ఇండికా అను పేరే వాడిరి. మన పాత పుస్తకములలో ఈ పేరే కనబడును. 1960లలో డి వైల్డ్ అను శాస్త్రజ్ఞుడు మన అశోకమును వేరు జాతిగా గ్రహించి, రాక్స్‌బరో వాడిన అసోకా శబ్దమును నిలిపెను. కావున దీని నేటి పేరు సరాకా అసోకా. మన భాషలోని పదమే శాస్త్రనామములో నిలిచినది.

నరమామిడిని చిరకాలము పాలియాల్థియా లాంగిఫోలియా అని పిలిచిరి. లాంగిఫోలియా యనగా పొడుగు ఆకులు గలది అని అర్థము. 2012లో దీనిని మోనూన్ అను ప్రజాతిలోనికి మార్చిరి. నేడు పుస్తకములలో రెండు పేర్లును కనబడుచున్నవి.

సతతహరితము అనగా నేమి?

సతతహరిత వృక్షమనగా ఆకు రాల్చని వృక్షమని కాదు. ప్రతి ఆకును ఎప్పుడో ఒకప్పుడు రాలవలసినదే. మోదుగ వంటి చెట్లు ఒక ఋతువులో ఆకులన్నింటిని రాల్చి మోడై నిలుచును. సతతహరితములు అట్లు కాక, పాత ఆకులను కొంచెము కొంచెముగా రాల్చుచు, క్రొత్త ఆకులను తొడుగుచుండును. కావున ఏనాడు చూచినను చెట్టు పచ్చగానే యుండును.

గుర్తించు పనికి దీనివలన ఒక గొప్ప సౌకర్యము కలదు. పూవు ఏడాదిలో కొన్ని వారములు మాత్రమే దొరకును. కాయ మరికొన్ని వారములు దొరకును. ఆకు మాత్రము సంవత్సరమంతయు చేతికందును. అందుచే మన పరిశీలన ఆకుతో ఆరంభింపవలెను, పూవుతో నిర్ధారింపవలెను, బెరడును ఈ రెండింటికి తోడుగా మాత్రమే తీసికొనవలెను.

ఆకు

మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: ఒక ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియుచున్నది?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని చింతరెమ్మను చూడుడు. ఈనెకు రెండు ప్రక్కల నున్న చిన్న పలుకులలో ఏ ఒక్కటియు ఆకు కాదు. ఆ ఈనె, పలుకులు అన్నియు కలిసి ఒక ఆకు. దీనిని సంయుక్తపత్ర మందురు. పలుకులను పత్రకము లందురు. అశోకపు ఆకు కూడ ఇట్టిదే. కాని చింతపలుకు చిన్నది గనుక ఎవరును దానిని ఆకని భ్రమపడరు. అశోకపు పత్రకము 10 నుండి 20 సెంటీమీటర్ల పొడవుండును. ఒక్కొక్క పత్రకము మామిడాకువలె ఉండుటచే చూచువారు దానినే పూర్తి ఆకు అనుకొందురు. ఇక్కడనే పొరపాటు పుట్టుచున్నది.

దీనిని తేల్చుటకు వృక్షశాస్త్రమున ఒక సులభమైన పరీక్ష కలదు. ఆకు కొమ్మతో కలియుచోట, పైవైపు మూలలో ఒక మొగ్గ ఉండును. ఆ మూలను గ్రీవమందురు. పత్రకము ఈనెతో కలియుచోట మొగ్గ ఉండదు. కావున పొడుగాకు ఒకటి తీసికొని దాని మొదట మొగ్గ కలదా యని చూడవలెను. మొగ్గ ఉన్నచో అది పూర్తి ఆకు, అనగా సరళపత్రము. మొగ్గ లేనిచో అది పత్రకము. ఇంకను క్రిందికి పోయి, మొగ్గ ఎక్కడ ఉన్నదో అక్కడివరకు ఒక ఆకుగా లెక్కింపవలెను. మొగ్గ చిన్నదైనచో చేతికటకము సహాయపడును.

ఈ పరీక్ష చేసినచో నరమామిడి ఆకు సరళపత్రమని తేలును. అవి కొమ్మపై ఒకచోట ఒకటిగా, అటు నొకటి ఇటు నొకటిగా ఏకాంతరముగా అమరియుండును. ఆకు సన్నగా, కొసవైపు మొనదేలి, 10 నుండి 20 సెంటీమీటర్ల పొడవుండును. అన్నింటికంటె ముఖ్యమైన గుర్తు దాని అంచు. అది చీర కుచ్చెళ్ల అంచువలె అలలు అలలుగా ఉండును. దూరమునుండియే ఈ అలలు కనబడును.

అశోకములో పత్రకములు ఎదురెదురుగా జతలై, సాధారణముగా 4 నుండి 6 జతలుండును. ఈనె కొసను ఒంటి పత్రక ముండదు. జతతోనే ఆకు ముగియును. వేపాకు కొసను తరచుగా ఒంటి రెక్క కనబడును గాని అశోకములో అట్లుండదు. దీనిని సమపిచ్ఛాకార సంయుక్తపత్ర మందురు. పత్రకపు అంచు నరమామిడివలె గట్టి అలలుగా కాక చదునుగా నుండును. పత్రకము కొంచెము దళసరిగా, నునుపుగా నుండును.

లేత ఆకు

అశోకము చిగిరించునప్పుడు చూడదగిన చెట్టు. చిగురుటాకులు రాగి రంగున, కొన్నిచోట్ల గులాబి ఛాయతో, కొమ్మల చివరల నుండి గుత్తులుగా క్రిందికి వ్రేలాడును. తడిసిన రుమాలును దండెముపై వేసినట్లు అవి మెత్తగా, వాడినట్లు కనబడును. క్రొత్తవారు నీరు చాలక చెట్టు వాడిపోయినదని భయపడుట కలదు. నిజమునకు అది దాని ఆరోగ్యలక్షణము. ఆకు మొదట వేగముగా పెరిగి పూర్తి పరిమాణమును పొందును. దానిని నిలబెట్టు గట్టి కణజాలమును, పత్రహరితమును తరువాత సమకూర్చుకొనును. అంతవరకు ఆకులో ఆంథోసయనిన్ అను ఎఱ్ఱని వర్ణద్రవ్యము ఉండును. లేతకణములకు తీవ్రమైన ఎండనుండి ఇది రక్షణ కల్పించునని, పురుగులను కూడ దూరముగా నుంచవచ్చునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. కొన్ని దినములకు ఆకు పచ్చబడి, గట్టిపడి, వ్రేలాడుట మాని చాపుకొని నిలుచును.

అయితే ఇక్కడ జాగ్రత్త అవసరము. నరమామిడి చిగురును రాగి రంగుగానే, మెత్తగానే ఉండును. మామిడి చిగురు కూడ ఎఱ్ఱనిదే కదా! కావున చిగురు రంగును మాత్రమే చూచి చెట్టును నిర్ణయింపరాదు. ఏ ఒక్క లక్షణమునైనను ఒంటరిగా నమ్మరాదని ఈ ఉదాహరణము మనకు నేర్పుచున్నది. చిగురు గుత్తిని విప్పి, అందులో జతలు జతలుగా పత్రకము లున్నవా, విడివిడి ఆకులున్నవా యని చూడవలెను.

పూవు

ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు అశోకము విరివిగా పూయును. ఆ దినములలో దీనిని గుర్తించుటకు శాస్త్రజ్ఞానముతో పని లేదు. నూరువరహాల పూగుత్తులవలె గుండ్రని, నిండైన గుత్తులు కొమ్మల నిండ కనబడును. గుత్తులు ఆకుల గ్రీవములనుండియే కాక, ముదురు కొమ్మలమీద, ఒక్కొక్కప్పుడు మ్రానుమీదను పుట్టును. పూవు విచ్చునప్పుడు పసుపు, పిదప నారింజ, తుదకు ఎఱుపు రంగును పొందును. ఒకే గుత్తిలో నేటి పూవును, మొన్నటి పూవును కలిసియుండుటచే మూడు రంగులును ఒకేసారి కనబడును. మంచి పరిమళము కలదు.

ఒక పూవును త్రుంచి క్రిందినుండి పైకి పరీక్షించినచో ఒక వింత తెలియును. కాడ చివర రెండు చిన్న రంగు రేకు లుండును. చూచుటకు ఇవి రక్షకపత్రములవలె ఉండును. వాని పైన సన్నని గొట్టము, గొట్టము చివర నాలుగు రంగు రేకులు ఉండును. వీనిని అందరును ఆకర్షకపత్రము లనుకొందురు. నిజమునకు అశోకపు పూవులో ఆకర్షకపత్రములే లేవు. పైనున్న నాలుగును రక్షకపత్రములు; క్రిందనున్న రెండును పూవునకు అడుగుననుండు లఘుపుచ్ఛములు. రక్షకపత్రములే రంగు దాల్చి ఆకర్షకపత్రముల పని చేయుచున్నవి. పుష్పభాగములను రంగునుబట్టి కాక, అవి ఉన్న స్థానమునుబట్టి గుర్తింపవలెనని ఉపాధ్యాయులు బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

గొట్టపు నోటినుండి కేసరములు బయటికి పొడుచుకొనివచ్చును. ఇవి సాధారణముగా 7 లేక 8. గొట్టముకంటె ఎంతో పొడవై, గుత్తికంతకును వెండ్రుకలు మొలచినట్లు కనిపించును. నూరువరహాలకును దీనికిని భేద మిక్కడనే కలదు: నూరువరహాలలో పొడుచుకొనివచ్చు ఈ దారము లుండవు. కేసరముల నడుమ ఒకే అండాశయము కాడమీద నిలిచియుండును.

నరమామిడి కూడ ఇంచుమించు ఇదే కాలమున పూయును. కాని దాని పూవు లేతాకుపచ్చని రంగుది. ఆకుల మధ్య అది కలిసిపోవుటచే చాలమంది దానిని చూడనే చూడరు. తమ అశోకము పూయుటలేదని చెప్పుకొందురు. దగ్గరకు పోయి చూచినచో నక్షత్రమువలె ఆరు సన్నని రేకులు, మూడు మూడుగా రెండు వరుసలలో కనబడును. వాని క్రింద మూడు చిన్న రక్షకపత్రములు, మధ్యను లెక్కకు మించిన పొట్టి కేసరములు దట్టముగా క్రిక్కిరిసియుండును. సీతాఫలపు పూవును, మనోరంజితపు పూవును చూచినవారికి ఈ మూడుల లెక్క క్రొత్త కాదు. ఇది ఆ కుటుంబపు ముద్ర.

సుందరీపాదము తాకినచో అశోకము పుష్పించునని కవులు చెప్పుదురు. దీనికి దోహదమని పేరు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రములో కథ ఈ దోహదము చుట్టును నడచును. కవులు వర్ణించిన ఎఱ్ఱని గుత్తులను తలచుకొన్నచో, ఆకుపచ్చని పూవులు గల నరమామిడి వారి అశోకము కాజాలదని వేరుగా చెప్పనక్కరలేదు.

కాయ

పూవులు పోయిన పిదప కాయలు సాక్ష్యము చెప్పును. అశోకపు కాయ చిక్కుడు జాతి కాయ. బల్లపరుపుగా, రెండు కొసలును సన్నగిలి, 10 నుండి 25 సెంటీమీటర్ల పొడవుండును. లేతగా నున్నప్పుడు ఊదా ఎఱుపు ఛాయతో నుండి, పండి ఎండిన పిదప నల్లబడి తోలువలె గట్టియగును. లోపల 4 నుండి 8 వరకు గింజలుండును.

నరమామిడిలో ఒకే పూవునుండి అనేక కాయలు పుట్టును. ఒక్కొక్కటి నేరేడుపండువంటి ఆకారముతో, వేరు వేరు కాడలతో, గుత్తిగా వ్రేలాడును. పండినప్పుడు ఇంచుమించు నల్లగా మారును. ఒక్కొక్కదానిలో ఒకే గింజ ఉండును. గబ్బిలములును, కోయిలలును వీనిని ఇష్టముగా తినును. చెట్టుక్రింద ఈ గింజలు పడియున్నచో, పైకి చూడకుండగనే అది నరమామిడి యని చెప్పవచ్చును.

బెరడు

బెరడును చివరకు ఉంచుటకు కారణము కలదు. ఒకే చెట్టులో బెరడు వయస్సునుబట్టి మారును. లేతకొమ్మ బెరడు నునుపుగా, బూడిద రంగున ఉండును. ముదురు మ్రాను బెరడు గోధుమ నలుపు రంగున, బుడిపెలతో గరుకుగా ఉండును. దానిపై నాచు, బూజు పెరిగినచో రంగు మరింత మారును. అందుచే బెరడుపై రంగును మాత్రమే చూచి నిర్ణయించువాడు తరచుగా మోసపోవును.

ఔషధకోశము ఎండిన అశోకపు బెరడును ఈ విధముగా గుర్తింపుమనుచున్నది. ముక్క దోనెవలె వంగియుండును. వెలుపలివైపు ముదురు ఆకుపచ్చ నుండి ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వరకు ఉండును. దానిపై గుండ్రని వాయురంధ్రములు చుక్కలవలె కనబడును, అడ్డముగా గట్లుండును, అక్కడక్కడ పగుళ్లుండవచ్చును. లోపలివైపు ఎఱుపు కలిసిన గోధుమ రంగున, నిలువు చారలతో నుండును. విరిచినచో పేళ్లు పేళ్లుగా విరుగును. విరిగిన అంచును చూచినచో, బెండుపొర క్రిందనే సన్నని తెల్లని గీత ఒకటి ఎడతెగక కనబడును. రుచి వగరు.

నరమామిడి బెరడు సీతాఫల కుటుంబపు బెరడు. ఆ కుటుంబపు చెట్ల లోబెరడులో నార అధికము; పట్టి లాగినచో పొడుగు పట్టెలుగా ఊడివచ్చును. అడ్డముగా కోసి కటకముతో చూచినచో, నారపొరలును మెత్తని పొరలును ఒకదానిపై నొకటి పేర్చినట్లు, వాని నడుమ వెడల్పు కిరణములు ముక్కోణపు మేకులు దిగగొట్టినట్లు కనబడును.

వగరును పరీక్షించుటకు కొందరు బెరడు కషాయములో అన్నభేది కలిపి చూతురు. కషాయము సిరావలె నల్లబడును. బెరడులోని టానిన్లు ఇనుముతో కలియుటయే దీనికి కారణము. ఇది మంచి ప్రయోగమే గాని, అశోకమునకు గుర్తు కాదు. తుమ్మబెరడును, తంగేడుబెరడును కూడ ఇట్లే చేయును. ఈ పరీక్ష టానిన్ ఉన్నదని చెప్పునే గాని, ఏ చెట్టుదో చెప్పదు. అట్లే, తెలియని బెరడును నోటబెట్టి రుచి చూచుట విద్యార్థులు ఎన్నడును చేయరాదు. తమంతట కషాయము కాచి త్రాగుట అంతకంటెను కూడదు.

పై గుర్తు లన్నియు ముక్కలుగా నున్న బెరడునకు చెల్లును. బెరడు పొడియైన పిదప ఆకును లేదు, పూవును లేదు, వాయురంధ్రమును లేదు. అప్పుడు సూక్ష్మదర్శినిలో రాతికణములను, కాల్షియం ఆక్సలేటు స్ఫటికములను వెదుకవలెను, లేక డి.ఎన్.ఏ. పరీక్షకు పోవలెను. చెట్టు నిలిచియుండగా ఒక నిముసములో ఒక విద్యార్థి చేయగల నిర్ణయము, చెట్టు పొడియైన పిదప ప్రయోగశాలకు పనియగుచున్నది. కావున గుర్తింపవలసిన చోటు దుకాణము కాదు, చెట్టుమొదలు.

తరగతిలో చేయదగిన పరిశీలన

ఈ క్రమమును ఉపాధ్యాయులు విద్యార్థులచే చేయింపవచ్చును.

1. ఊరిలో అశోకమని పిలువబడు చెట్లనుండి, పెద్దల అనుమతితో, ఒక్కొక్క చిన్న రెమ్మను తేవలెను. రాలిన ఆకు చాలదు. మొగ్గ కనబడవలెనన్నచో కొమ్మతోకూడిన రెమ్మ కావలెను.

2. మొగ్గ ఎక్కడ నున్నదో చూచి, ఆకు సరళమో సంయుక్తమో వ్రాసికొనవలెను.

3. అంచు అలలుగా నున్నదా, చదునుగా నున్నదా. ఈనె కొస జతతో ముగిసినదా, ఒంటి పత్రకముతో ముగిసినదా వ్రాసికొనవలెను.

4. పూవులు దొరకునప్పుడు రేకులను, కేసరములను లెక్కించి బొమ్మ గీయవలెను.

5. చెట్టు బెరడును ఒలువకుండ, చూచి, తాకి మాత్రమే వర్ణింపవలెను. రెమ్మల గుర్తులకును బెరడు వర్ణనకును పొత్తు కుదిరినదా యని సరిచూడవలెను.

6. ఆకు, పూవు, బెరడు మూడును ఒకే పేరు చెప్పినప్పుడే ఆ పేరును అంగీకరింపవలెను. రెండు ఒక విధముగను, ఒకటి మరొక విధముగను చెప్పినచో మరల పరిశీలింపవలెను.

బెరడును ఒలువరాదని చెప్పుటకు బలమైన కారణమున్నది. ఆకులలో తయారైన ఆహారము వేళ్లకు దిగు మార్గము బెరడు లోపలి పోషకకణజాలము. మ్రాను చుట్టును బెరడు ఒలిచినచో ఆ మార్గము తెగిపోవును. నీరు పైకి ఎక్కు దారువు లోపల మిగిలియుండుటచే చెట్టు కొంతకాలము పచ్చగానే కనబడును. కాని వేళ్లు ఆకలిచే చచ్చును, పిదప చెట్టు కూలును. అడవులలో అశోకము తగ్గుటకు ఇట్టి బెరడు సేకరణ ఒక ముఖ్యకారణము. పడమటి కనుమలలో వాగుల ఒడ్డున, పెద్దచెట్ల నీడన పెరుగు ఈ వృక్షము ఎత్తున సాధారణముగా 6 నుండి 9 మీటర్లే ఉండును. అట్టి చెట్టును చుట్టును ఒలుచుట ఎంతసేపటి పని?

మన ప్రాంతమున అసలు అశోకములు ఎక్కువగా గుళ్ల ఆవరణలలోను, ఉద్యానములలోను, ఇండ్ల తోటలలోను నాటినవి. దీని గింజలు మొలకెత్తు శక్తిని త్వరగా కోల్పోవును గనుక, కాయలు పండి రాలిన వెంటనే, తాజాగా నాటవలెను. లేతమొక్కకు కొంత నీడ, తేమ అవసరము. పాఠశాలలో ఒక మూల నీటి వసతి కలచోట ఒక అశోకమును పెంచుట కష్టమైన పని కాదు. దాని ప్రక్కనే నరమామిడియు ఉండవచ్చును. దుమ్మును, రొదను కొంత ఆపుచు, పక్షులకు పండ్లనిచ్చు నరమామిడి తక్కువ చెట్టేమియు కాదు. దాని తప్పు ఏదియు లేదు; తనది కాని పేరు మనము దానిపై పెట్టితిమి.

కావున పాఠశాల ఆవరణలోని చెట్లకు పేర్ల పలకలు కట్టించు ఉపాధ్యాయులు, అశోకమని వ్రాయుటకు ముందు ఒక్క రెమ్మను దించి, మొగ్గ ఎక్కడ ఉన్నదో విద్యార్థులనే చూడుమనవలెను. ఆ పలకను చదివి పెరిగిన పిల్లలలోనే రేపటి వైద్యుడును, మూలికల వర్తకుడును, అటవీ ఉద్యోగియు ఉందురు.